ఆసుపత్రి గోడల మధ్య పొగ వేసుకోవచ్చా?

మన ఇళ్లల్లో బాలింతకు నీళ్లు పోశాక సాంబ్రాణి పొగ వేస్తారు. కుంపట్లో నాలుగు నిప్పులు, పైన చిటికెడు సాంబ్రాణి. ఆ పొగకు తడి జుట్టు ఆరుతుంది. పసిబిడ్డకూ అంతే. ఇదే పని పెద్ద ఆసుపత్రి మూడో అంతస్తులో, ప్రసూతి వార్డులో చేయాలని ఒక అమ్మమ్మ కోరిందనుకోండి. నిమిషంలో అలారం మోగుతుంది. సెక్యూరిటీ పరుగెత్తుకొస్తాడు. నర్సు కోప్పడుతుంది. పక్క మంచం మీద ఎవరికో ఆక్సిజన్ నడుస్తోంది కాబట్టి ఆ కోపంలో న్యాయమూ ఉంది. అమ్మమ్మ చిన్నబోయి కుంపటి తీసేస్తుంది. ఇక అప్పటినుంచి బిడ్డను ఎప్పుడు ఇంటికి తీసుకుపోదామా అన్నదే ఆమె ఆలోచన.

ఉత్తర అమెరికా మూలవాసుల్లో చాలామందికి ఇలాంటి పొగ ఒకటి ఉంది. స్మడ్జింగ్ అంటారు. సేజ్ ఆకు, సీడర్, స్వీట్‌గ్రాస్ అనే తియ్యటి వాసన గడ్డి, పొగాకు: ఈ నాలుగూ వాళ్లకు పవిత్రమైన మందులు. ఒక గిన్నెలోనో ఆల్చిప్పలోనో ఆకు వెలిగించి, ఆ పొగను మనం హారతి కళ్లకద్దుకున్నట్టు తలకూ కళ్లకూ గుండెకూ అద్దుకుంటారు. ఆపరేషన్‌కు ముందు, చావుబతుకుల్లో ఉన్నప్పుడు, బిడ్డ పుట్టినప్పుడు ఇది కావాలని అడుగుతారు.

దీనికి ఆసుపత్రిలో చోటివ్వాలంటే ఏం కావాలి? ఆ గది గాలి మిగతా వార్డుల్లోకి పోకుండా నేరుగా బయటికి పోయే గొట్టం కావాలి. ఆ గదిలో అలారాన్ని కాసేపు ఆపి, మళ్లీ వెంటనే పెట్టే ఏర్పాటు కావాలి. ఎవరు ఎవరికి చెప్పి ఆపాలో నర్సుల దగ్గర రాసి ఉండాలి. ఆక్సిజన్ నడుస్తున్నచోట నిప్పు రాకుండా చూసుకోవాలి. ఇదంతా ప్లాను గీసే రోజున అనుకుంటే పెద్ద ఖర్చు కాదు. స్లాబు పడ్డాక గుర్తొస్తే గోడలు పగలగొట్టాలి.

చిన్న విషయంతో మొదలుపెట్టానని తెలుసు. కానీ ప్లాను గీసేటప్పుడు ఆ గొట్టం సంగతి గుర్తు చేసే మనిషి ఆ బల్ల దగ్గర ఉన్నాడా లేడా? ఆదివాసీ వైద్యాన్ని కలుపుకుని ఆసుపత్రి కట్టడం అనే మొత్తం వ్యవహారంలో ముడి అక్కడే ఉంది.

ఒకే ఊళ్లో రెండు ఆసుపత్రులు

ఈ ప్రశ్నను నిజంగా ఎదుర్కొన్న ఊరు ఒకటుంది. కెనడాలో ఒంటారియో రాష్ట్రపు వాయవ్య మూల, సూ లుకౌట్. ఊరి జనాభా అయిదు వేలకు అటూఇటూ. కానీ ఆ ఊరి ఆసుపత్రిని నమ్ముకున్నవాళ్లు దాదాపు 30 వేల మంది. వాళ్లలో ఎక్కువమంది ఒజిబ్వే, క్రీ, ఓజీ-క్రీ మాట్లాడే ఫస్ట్ నేషన్స్ జనం. కెనడాలో మూలవాసీ జాతుల్లో అత్యధికులను ఫస్ట్ నేషన్స్ అనే పిలుస్తారు. వాళ్లు పరుచుకుని ఉన్న నేల ఎంతంటే, మన రెండు తెలుగు రాష్ట్రాలు కలిపినా అంత వైశాల్యం రాదు. చాలా ఊళ్లకు ఏడాది పొడుగునా రోడ్డు లేదు. చలికాలంలో సరస్సులు గడ్డకట్టాక ఆ మంచు మీద లారీలు నడుస్తాయి. మిగతా రోజుల్లో చిన్న విమానమే దిక్కు. కాన్పు దగ్గరపడ్డ గర్భిణి నెలలు నిండకముందే విమానమెక్కి ఈ ఊరికి వచ్చి, నొప్పుల కోసం ఎదురుచూస్తూ కూర్చోవాలి.

ఇంత చిన్న ఊళ్లో 2002 దాకా రెండు ఆసుపత్రి వ్యవస్థలు నడిచాయి. ఒకటి 1949లో కేంద్ర ప్రభుత్వం మూలవాసుల కోసం పెట్టింది, పేరు జోన్ హాస్పిటల్. రెండోది ఊరివాళ్ల కోసం రాష్ట్ర వ్యవస్థ కింద నడిచేది. కెనడాలో ఆసుపత్రులు రాష్ట్రాల బాధ్యత. ఫస్ట్ నేషన్స్ వ్యవహారాలు మాత్రం కేంద్రం చేతిలో ఉంటాయి. అందుకని మూలవాసి రోగి ఎవరి బాధ్యత అన్న దగ్గర ఇద్దరూ ఒకరి వైపు ఒకరు చూపించుకునే అలవాటు దశాబ్దాలుగా ఉంది. మనకు కేంద్రం, రాష్ట్రం మధ్య నిధుల తగవులు కొత్త కాదు కాబట్టి దీన్ని ఊహించుకోవడం కష్టం కాదు.

దానికి తోడు, అప్పటి ఇండియన్ హాస్పిటళ్ల చరిత్ర మూలవాసుల మనసుల్లో మానని గాయం. ఇక్కడ ఇండియన్ అంటే మనం కాదు, మూలవాసులను అప్పట్లో ప్రభుత్వం పిలిచిన పేరు అది. క్షయ రోగం తెల్లవాళ్లకు అంటుతుందన్న భయం వాటి వెనక బలంగా పనిచేసింది. పిల్లలను ఇంటికి దూరంగా నెలలు, ఏళ్లు ఉంచేశారు. భాష తెలియదు, తోడు లేదు. ఇంకోవైపు చట్టం వాళ్ల ఆచారాల మీదే పడింది. 1884లో ఇండియన్ చట్టానికి చేసిన సవరణతో పాట్లాచ్ (విందు పెట్టి కానుకలు పంచే పండుగ) లాంటి వేడుకలు నేరమయ్యాయి. 1895లో ఆ నిషేధాన్ని మరిన్ని ఆచారాలకు పాకించారు. 1951లో గానీ ఆ సెక్షన్లు పోలేదు. అంటే రెండు మూడు తరాల పాటు వైద్యం తెలిసిన పెద్దలు తమ పనిని చాటుగా చేసుకున్నారు. ఇవాళ ఆసుపత్రి వాళ్లు వచ్చి, మీ మందులేమిటో మాకు చెప్పండి, రాసుకుంటాం అంటే ఆ పెద్దావిడ ఎందుకు మౌనంగా ఉండిపోతుందో అర్థం కావాలంటే ఈ 67 ఏళ్లు తెలిసి ఉండాలి.

1988 జనవరిలో శాండీ లేక్ అనే ఊరి నాయకుడు జోసయాస్ ఫిడ్లర్, ఆయనతో మరికొందరు జోన్ హాస్పిటల్లోనే నిరాహార దీక్షకు కూర్చున్నారు. తమ జనానికి అందుతున్న వైద్యం ఇలా ఉండకూడదన్నదే వాళ్ల మాట. ఆ దీక్ష తర్వాత ఒక విచారణ బృందం వేశారు. 1989లో దాని నివేదిక వచ్చింది. 1997లో నాలుగు పక్షాలు ఒప్పందం మీద సంతకాలు చేశాయి: ఆ ప్రాంతపు ఫస్ట్ నేషన్స్, ఊరి పురపాలక సంఘం, ఒంటారియో రాష్ట్రం, కెనడా ప్రభుత్వం. 2002లో రెండు ఆసుపత్రులూ ఒక్క సంస్థ అయ్యాయి. 2010లో కొత్త భవనం తలుపులు తెరిచారు. పడకలు 60. పేరు మెనో యా విన్. ఒంటికీ మనసుకూ ఆత్మకూ కలిపి బాగుండటం అని ఆ మాటకు అర్థం.

దీక్ష నుంచి తలుపులు తెరిచే దాకా 22 ఏళ్లు పట్టింది. అందులో ఎక్కువ కాలం ఇటుక పేర్చడానికి పోలేదు. ఎవరి మాట చెల్లాలి, ఎవరి డబ్బు ఎవరి ఖాతాలోకి రావాలి, బోర్డులో ఎవరుండాలి అన్నవి తేలడానికి పోయింది. జనాభాలో ఎవరెంత ఉన్నారో బోర్డులోనూ అంత ఉండాలన్నది అక్కడ కుదిరిన సూత్రం. సలహా చెప్పడానికి పెద్దల మండలి ఉంది. భవనం ఎలా ఉండాలన్న చర్చ ఇవన్నీ కొంత తేలాకే అర్థవంతమైంది. నాకు ఈ కథలో అన్నిటికంటే ముఖ్యంగా కనిపించే విషయం ఇది. చాలాచోట్ల మనం దీన్ని తిరగేసి చేస్తాం. ముందు బిల్డింగ్ కట్టేసి, ప్రారంభోత్సవానికి నాలుగు రోజుల ముందు గోడ మీద గిరిజన చిత్రాలు వేయిస్తాం.

వేటమాంసానికి వంటగది

మెనో యా విన్‌లో నాకు బాగా నచ్చిన భాగం తిండి. అక్కడి భాషలో మీచిమ్ అంటే తిండి, ఆ పేరుతోనే ఒక కార్యక్రమం నడుస్తుంది. పెద్ద దుప్పిలా ఉండే మూస్ మాంసం, కారిబూ అనే జింక మాంసం, అడవి బాతు, చేప, అడవి పళ్లు రోగులకు వండి పెడతారు. వినడానికి చాలా మామూలు మాట. చేయడానికి ఎంత కష్టమో చూడండి.

ఒంటారియోలో ఆసుపత్రి వంటింట్లోకి రావాలంటే మాంసం తనిఖీ అయిన కబేళా నుంచి రావాలి. అడవిలో వేటాడిన మూస్‌కు ఏ ఇన్‌స్పెక్టరూ ముద్ర వేయడు. పోనీ కొందామా అంటే, వేటాడిన జంతువుల మాంసం అమ్మడం అక్కడ చట్టవిరుద్ధం. కాబట్టి వేటగాళ్లు ఉచితంగా ఇవ్వాలి, ఆసుపత్రికి ప్రత్యేక మినహాయింపు ఉండాలి. ఆ మాంసాన్ని మామూలు సరుకుతో కలపకుండా విడిగా నిల్వ చేయాలి, విడిగా వండాలి. అంటే ఇంకో ఫ్రీజర్, ఇంకో వంట బల్ల, ఇంకో సెట్టు కత్తులు. ఇదంతా మళ్లీ ప్లానులో చదరపు అడుగుల లెక్కే. సంప్రదాయాన్ని గౌరవిస్తాం అని తీర్మానం చేసినంత మాత్రాన ఫ్రీజరుకు జాగా రాదు.

ఇంత శ్రమ ఒక గిన్నెడు పులుసు కోసమా అని అడగొచ్చు. వారం రోజులుగా ఏమీ తినని ముసలాయన తన ఊరి చేప పులుసు వాసనకు లేచి కూర్చుంటే, అది వైద్యం కాదని ఏ డాక్టరూ అనలేడు. మన దగ్గర జ్వరం తగ్గిన మనిషికి మొదటి ముద్ద చారన్నం ఎందుకు పెడతామో, ఇదీ అందుకే.

భాష సంగతి ఇంకా పెద్దది. గుండెలో బరువుగా ఉంది అన్న మాటను మనవరాలు చేత అనువాదం చేయిస్తే ఒకటవుతుంది, శిక్షణ ఉన్న దుబాసీ చేత చేయిస్తే ఇంకొకటవుతుంది. దుబాసీలు ఉన్నచోట వైద్యంలో పొరపాట్లు తగ్గుతాయని పరిశోధనలు మళ్లీ మళ్లీ చెప్పాయి. సూ లుకౌట్‌లో దుబాసీలు ఆసుపత్రి ఉద్యోగులే. రోగి పక్కన నిలబడటం కూడా వాళ్ల పనిలో భాగం. మూలవాసీ వైద్యం అనగానే మనకు డప్పులు, ఈకలు, మూలికలు గుర్తొస్తాయి. కానీ రోగి ప్రాణాన్ని నేరుగా కాపాడేది చాలాసార్లు ఈ దుబాసీయే.

తోడు రావడమూ అంతే. ఆచారం ప్రకారం చనిపోతున్న మనిషి చుట్టూ ఇరవై మంది ఉండాలి. ఆసుపత్రి నియమం ఇద్దరు అంటుంది. కాబట్టి కొన్ని గదులు పెద్దవి కట్టాలి. దూరం నుంచి వచ్చినవాళ్లు ఎక్కడ పడుకోవాలి? మెనో యా విన్ కోసం వచ్చేవాళ్లకు 100 పడకల వసతి గృహం కట్టారు. ఆసుపత్రి పడకలు 60, బసకు పడకలు 100. ఆ ప్రాంతంలో దూరం ఎంత పెద్ద రోగమో ఈ రెండు అంకెలే చెబుతాయి.

వైద్యుడు ఎవరు, ఆ మాట చెప్పేదెవరు?

ఇక్కడి నుంచి దారి ఇరుకు. గొట్టాలు, ఫ్రీజర్లు, మంచాలు ఇంజినీరు చేతిలో పని. మందు ఇచ్చే మనిషిని ఆసుపత్రిలోకి తీసుకురావడం అలా కాదు.

డాక్టరుకు డిగ్రీ ఉంటుంది, కౌన్సిల్లో నంబరుంటుంది. తప్పు చేస్తే ఫిర్యాదు చేయడానికి చోటుంటుంది. సంప్రదాయ వైద్యుడి అర్హతకు సాక్ష్యం ఏమిటి? ఊరు. నలభై ఏళ్లుగా ఆయన చేతి వైద్యం చూసినవాళ్ల మాట. చాలా జాతుల్లో నిజమైన వైద్యుడు తనను తాను వైద్యుణ్ని అని చెప్పుకోడు, జనమే చెబుతారు. ఒంటారియో 1991 చట్టం ఈ విషయంలో తెలివిగా ఒక పక్కకు జరిగింది. వైద్య వృత్తులను నియంత్రించే ఆ చట్టం, మూలవాసి వైద్యుడు తన సమాజంవాళ్లకు సంప్రదాయ వైద్యం చేస్తే దానికి తాను వర్తించనని చెప్పింది. అంటే లైసెన్సు ఇవ్వలేదు, నిషేధమూ పెట్టలేదు. మీ వాళ్లెవరో మీరే తేల్చుకోండి అంది. పొగ నిషేధ చట్టంలోనూ అంతే. ఆసుపత్రిలో ఉన్న మూలవాసి కోరితే ఆచారం కోసం పొగాకు వాడుకోవడానికి లోపల ఒక చోటు కేటాయించాలని ఒంటారియో చట్టంలోనే ఉంది.

నాకు ఈ పద్ధతి సరైనదనిపిస్తుంది. ప్రభుత్వం సర్టిఫికెట్లు ఇవ్వడం మొదలుపెడితే ఫారం నింపగలిగినవాళ్లే వైద్యులవుతారు. చదువురాని, ఇంగ్లీషు రాని, బాగా తెలిసిన పెద్దావిడ బయటే ఉండిపోతుంది. కానీ ఈ పద్ధతిలో ప్రమాదమూ ఉంది. పేరు చెప్పుకుని డబ్బు గుంజేవాళ్లు, ఆడపిల్లల మీద చేతులు వేసేవాళ్లు ఏ సంప్రదాయంలోనైనా చొరబడతారు. అందుకే ఆసుపత్రి వైద్యుణ్ని తాను ఎంపిక చేయకూడదు. ఎంపిక చేసే పెద్దల మండలి ఉండాలి. తప్పు జరిగితే ఆ మండలి ముందుకూ, నేరమైతే పోలీసుల ముందుకూ విషయం పోవాలి. ఈ రెండూ కాగితం మీద స్పష్టంగా ఉండాలి.

అలాస్కాలోని ఆంకరేజ్‌లో ఇంకో తరహా ఉంది. అక్కడి అలాస్కా నేటివ్ మెడికల్ సెంటర్ కొత్త భవనం 1997లో వచ్చింది. 1999 నుంచి దాన్ని మూలవాసుల సంస్థలే నడుపుతున్నాయి. వాటిలో ఒకటైన సౌత్‌సెంట్రల్ ఫౌండేషన్, రోగులను రోగులు అనదు. ఈ ఆసుపత్రి మీది కాబట్టి మీరు యజమానులు కూడా అనే అర్థం వచ్చే మాటతో పిలుస్తుంది. అదే ప్రాంగణంలో సంప్రదాయ వైద్య క్లినిక్ ఉంది. మామూలు డాక్టరే రోగిని అక్కడికి పంపొచ్చు. నొప్పి తగ్గకపోతే ఫిజియోథెరపీకి పంపినట్టే ఇదీ. నడిపేది వాళ్లే కాబట్టి, మా వైద్యాన్ని లోపలికి రానిస్తారా అని అడగాల్సిన అవసరం వాళ్లకు లేదు.

ఈ వైద్యుడికి డబ్బు ఎవరివ్వాలి? చాలా సంప్రదాయాల్లో వైద్యానికి ధర చెప్పడం తప్పు. ముందు పొగాకో, బట్టో సమర్పించుకుని అడగాలి. ఆసుపత్రి అకౌంట్స్ విభాగానికి మాత్రం బిల్లు కావాలి, కోడ్ కావాలి. అమెరికాలో 2024 అక్టోబరులో అరిజోనా, కాలిఫోర్నియా, న్యూ మెక్సికో, ఒరెగాన్ రాష్ట్రాల్లో, మూలవాసుల ఆరోగ్య కేంద్రాల్లో జరిగే సంప్రదాయ వైద్యానికి మెడికెయిడ్ (పేదల కోసం ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా) డబ్బు ఇవ్వడానికి కేంద్ర ప్రభుత్వం ఒప్పుకుంది. పెద్ద మలుపే. కానీ డబ్బు వచ్చాక లెక్కలు వస్తాయి, లెక్కలు వచ్చాక ఎన్ని నిమిషాలు పాట పాడారు అన్న ప్రశ్న వస్తుంది. దానికి సిద్ధపడి ఉండాలి.

మందు పనిచేస్తుందా?

చదివేవాళ్లలో కొందరి మనసులో మొదటినుంచీ ఈ ప్రశ్న ఉండి ఉంటుంది. దాటవేయడం నాకు ఇష్టం లేదు.

కొన్ని మూలికలు పనిచేస్తాయి, కొన్ని చేయవు, కొన్ని ప్రమాదం. రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటున్న మనిషి ఏ వేరు కషాయం తాగుతున్నాడో డాక్టరుకు తెలియాలి. కిడ్నీలు దెబ్బతిన్న మనిషి విషయంలో ఇంకా తెలియాలి. మరి రోగి ఎందుకు చెప్పడు? తిడతారని. మందు తాగడం మానడు, చెప్పడం మానేస్తాడు. సంప్రదాయ వైద్యానికి ఆసుపత్రిలో గౌరవంగా చోటిస్తే కలిగే మొదటి లాభం వైద్యపరమైనదే. దాపరికం పోతుంది.

నమ్మకం లేకపోతే ఏమవుతుందో కెనడాకు తెలుసు. 2008 సెప్టెంబరులో విన్నిపెగ్‌లో బ్రయాన్ సింక్లెయిర్ అనే మూలవాసి మూత్రాశయపు ఇన్ఫెక్షన్‌తో చక్రాల కుర్చీలో ఎమర్జెన్సీకి వచ్చాడు. 34 గంటలు అలాగే కూర్చుని ఉండి చనిపోయాడు. తాగి ఉన్నాడనో, చలికి తలదాచుకోవడానికి వచ్చాడనో అక్కడివాళ్లు అనుకున్నారు. ఇలాంటి కథ విన్న ఊళ్లో మనిషి గుండెనొప్పి వచ్చినా మర్నాటిదాకా ఆగుతాడు.

కష్టమైన కేసు ఒకటి చెప్పాలి. 2014లో ఒంటారియోలోని హామిల్టన్‌లో పదకొండేళ్ల మూలవాసి పాపకు రక్త క్యాన్సర్. కీమోతో బతికే అవకాశం చాలా ఎక్కువని డాక్టర్లు చెప్పారు. తల్లి కీమో మాన్పించి సంప్రదాయ వైద్యం వైపు వెళ్లింది. ఆసుపత్రి కోర్టును ఆశ్రయించింది. సంప్రదాయ వైద్యం ఎంచుకునే హక్కు రాజ్యాంగం కాపాడిన హక్కేనని జడ్జి నవంబరులో తీర్పిచ్చారు. 2015 ఏప్రిల్లో దానికే ఒక వివరణ జోడించారు: పాప క్షేమమే అన్నిటికంటే ముఖ్యం. అప్పటికి వ్యాధి తిరగబడి, కుటుంబం కీమోనూ సంప్రదాయ వైద్యాన్నీ కలిపి చేయించడానికి ఒప్పుకుంది. అదే కాలంలో అదే వయసున్న ఇంకో మూలవాసి పాప కీమో ఆపేశాక చనిపోయింది. ఈ కుటుంబాలు వెళ్లిన చోట్లలో ఫ్లోరిడాలోని ఒక ప్రైవేటు కేంద్రం కూడా ఉంది. దానికి మూలవాసుల సంప్రదాయంతో ఏ సంబంధమూ లేదు.

దీన్ని తలుచుకున్నప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది. మొదటి రోజే ఆ వార్డులో వాళ్ల జాతి పెద్దావిడ ఒకరు డాక్టరు పక్కన కూర్చుని, ఈ మందూ తీసుకుందాం, మన మందూ తీసుకుందాం అని ఆ తల్లికి చెప్పి ఉంటే? ఏదో ఒకటే ఎంచుకోవాలన్న పరిస్థితి వచ్చాకే ఆ తల్లి తన వాళ్ల వైపు నిలబడింది. ఆమె స్థానంలో ఎవరున్నా అంతే. రెండూ ఒకే కప్పు కింద ఉన్నచోట ఆ పోటీయే అవసరం లేదు. 2015లో కెనడా ట్రూత్ అండ్ రికన్సిలియేషన్ కమిషన్ (మూలవాసి పిల్లలను ఇళ్లకు దూరం చేసి ఉంచిన బడుల మీద విచారణ జరిపిన సంఘం) తన 22వ సిఫారసులో అడిగిందీ ఇంతే: మూలవాసి రోగి కోరినచోట, వాళ్ల వైద్యులతో, పెద్దలతో కలిసి ఆ పద్ధతులు వాడండి. రోగి కోరినచోట అన్న మాట గమనించాలి. చర్చికి వెళ్లే మూలవాసులు చాలామంది. తమకు పొగ వద్దనేవాళ్లు ఉన్నారు. ముఖం చూసి, నీకు ఇదే కావాలి కదా అనడమూ అవమానమే.

మన ఏజెన్సీలో

ఇదంతా ఎక్కడో మంచు దేశపు సంగతి అనిపించడం లేదు నాకు. పాడేరులో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. కొత్తగూడెం, ఆసిఫాబాద్, ములుగుల్లో వచ్చాయి. కళాశాల వెంట పెద్ద ఆసుపత్రులు లేస్తున్నాయి. దశాబ్దాలుగా డోలీ కట్టుకుని కొండ దిగినవాళ్లకు ఇది ఆనందపడాల్సిన విషయం. సాలూరులో గిరిశిఖర గర్భిణుల వసతి గృహం లాంటి మంచి ఆలోచనలు మన దగ్గరే పుట్టాయి. సూ లుకౌట్‌లో కట్టిన బస వెనక ఉన్న ఆలోచన కూడా ఇలాంటిదే.

కానీ కువి మాట్లాడే అవ్వకు, సవర మాట్లాడే పిల్లకు ఆ ఆసుపత్రిలో దుబాసీ అనే ఉద్యోగం ఉందా? ఆశా కార్యకర్త వెంట వస్తే ఆమే దుబాసీ. రాకపోతే స్వీపరు. పొద్దున్నే చోడి అంబలి తాగే మనిషికి బ్రెడ్డు, పాలు ఇస్తాం. డోలీ ఎక్కే ముందు ఊళ్లో వైద్యం చేసే గురువో, ఎజ్జోడో చూసి, కోడిని కోసి, సరే ఇక ఆసుపత్రికి తీసుకుపోండి అని చెబితేనే కొన్ని ఊళ్లలో రోగి కదులుతాడు. ఆ మనిషి మన వ్యవస్థలో ఎక్కడా లేడు. మన ఆయుష్‌లో ఆయుర్వేదం, యోగా, యునాని, సిద్ధ, హోమియో ఉన్నాయి. హిమాలయాల సోవా రిగ్పా కూడా 2010లో చేరింది. వాటన్నిటికీ గ్రంథాలున్నాయి. నోటి నుంచి చెవికి, అడవిలో తిప్పి చూపిస్తూ వచ్చిన ఆదివాసీ వైద్యానికి గ్రంథం లేదు కాబట్టి పేరూ లేదు. ఆదివాసీ ఆసుపత్రిలో ఒక గదికి ఆయుష్ బోర్డు పెట్టి సంప్రదాయ వైద్యం కలిపేశాం అనుకుంటే అది పొరపాటు. కొండ కింది సంప్రదాయాన్ని కొండ మీదికి పంపినట్టు అవుతుంది.

గ్రంథం లేదు కదా, మనం రాద్దాం అనేవాళ్లూ వస్తారు. జాగ్రత్తగా ఉండాలి. కేరళలో 1987లో కాణి ఆదివాసులు దారి చూపిస్తూ ఆరోగ్యపచ్చ అనే మొక్క పండ్లు తిని అలసట లేకుండా నడవడం శాస్త్రవేత్తలు గమనించారు. దాంతో జీవని అనే మందు తయారైంది, 1995లో ఒక కంపెనీకి దాని లైసెన్సు ఇచ్చారు. లాభంలో వాటా కోసం కాణివాళ్లకు ట్రస్టు ఏర్పడింది 1997లో. లోకమంతా మెచ్చుకున్న ఉదాహరణ అది. అందులో కూడా వాటా మాట తర్వాత వచ్చింది, మొక్క రహస్యం ముందు బయటపడింది. ఆసుపత్రి రికార్డులో మూలిక పేరు రాసే ముందు ఆ రికార్డు ఎవరిదో తేలాలి.

మనకు ఒక చట్టం ఇప్పటికే ఉంది. 1996 నాటి పెసా, అంటే షెడ్యూల్డ్ ప్రాంతాలకు పంచాయతీ వ్యవస్థను విస్తరించిన చట్టం. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూసేకరణకు ముందు గ్రామసభనో, తగిన స్థాయి పంచాయతీనో సంప్రదించాలని అది చెబుతుంది. ఆసుపత్రి స్థలం కోసం ఎలాగూ ఊరి ముందుకు వెళ్లాలి. అదే సభలో ప్లాను కాగితం పరిచి, మీ గురువు ఎక్కడ కూర్చుంటాడు, మీ వెంట వచ్చిన పదిమంది ఎక్కడ వండుకుంటారు, చనిపోయిన మనిషిని ఏ ద్వారం నుంచి తీసుకెళ్తారు అని అడగడానికి కొత్త జీవో అక్కర్లేదు. సభ వాళ్ల భాషలో జరగాలి. నిమిషాల్లో ముగించి వేలిముద్రలు వేయించుకునే సభ అయితే అసలు పెట్టకపోవడమే నయం.

అలాంటి సభలో కాన్పు గది గురించి ఆడవాళ్లను అడిగితే వచ్చే ప్రశ్నల్లో ఒకటి మాయ గురించి ఉంటుంది. బిడ్డతోపాటు వచ్చిన మాయను ఇంటి దగ్గర పాతిపెట్టే ఆచారం మనలో ఎన్నో కులాలకు, తెగలకు ఉంది. న్యూజిలాండ్ మావోరీల భాషలో నేలకూ మాయకూ ఒకటే మాట, ఫెనువా. అక్కడి ఆసుపత్రులు అడిగిన కుటుంబానికి మాయను తిరిగి ఇస్తాయి. మన దగ్గర అది పసుపు రంగు సంచిలో పడుతుంది, 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం కాల్చడానికో, మారుమూలల్లో లోతుగా పూడ్చడానికో పోతుంది. కావాలని అడిగినవాళ్లకు మూత ఉన్న కుండలో పెట్టి ఇవ్వడానికి కాన్పు గది పక్కన ఒక చిన్న అర, కేస్ షీట్‌లో ఒక గడి, నిబంధనల్లో ఒక మినహాయింపు కావాలి. ఆ అర ప్లానులో ఎక్కడుండాలో చెప్పగలిగేది కాన్పులు చేసిన ఆ ఊరి మంత్రసానే.